మెట్ల కింద మొక్క

సైన్సు పుస్తకాలు రాసేవాళ్ళకి పిల్లలు ఉండరేమోనని పిన్నికి ఎప్పటినుంచో అనుమానం. ఉంటే, పాలపళ్ళు ఊడిన నోళ్ళలో "కిరణజన్య సంయోగక్రియ" లాంటి మాటని ఎవరైనా కుక్కుతారా? పెద్దవాళ్ళకే ఓ పట్టాన నోరు తిరిగి చావదు. పిల్లలు దాన్ని బట్టీ కొట్టి, పరీక్షలో కక్కేసి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేలోపే మర్చిపోతారు. అందుకని పిన్ని తన ట్యూషన్‌లో పుస్తకాన్ని చిట్టచివరికి గానీ తెరిచేది కాదు.

ఆ వీధిలో పిల్లలందరికీ ఆవిడ పిన్నే. పొద్దున పూట ఊరికి ఆ చివర ఉన్న చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటి ముందుగదిలో చాప పరిచేది. "ఇవాళ నీళ్ళని ఏది పీలుస్తుందో, ఏది పీల్చదో చూద్దాం" అని ఆవిడ అనడమే ఆలస్యం, ఇక ఆ ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. గొడుగు గుడ్డ, స్పాంజి, పాత పేపరు, రేకు మూత, చెక్క గరిటె, చేతికి అందినదల్లా బకెట్లో పడాల్సిందే. ఓసారి వెతగ్గా వెతగ్గా పిన్ని చెప్పు కూడా అందులోనే తేలింది.

"తోలు నీళ్ళు పీలుస్తుందో లేదో చూద్దామనీ..." అన్నాడు దర్జీ కొడుకు, కాస్త వెనక్కి జరిగి.

"పీల్చిందా?"

"ఇంకా పీలుస్తూనే ఉంది పిన్నీ."

పిన్ని వాణ్ణి ఒక్క మాట అనలేదు. మర్నాడు తడి చెప్పుతోనే టపటపలాడుకుంటూ బడికి వెళ్ళింది. చేసింది నేర్చుకోవడానికి అయినప్పుడు తిట్టడం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

ఆవిడ పద్ధతి ఒక్కటే. ముందు ఊహ చెప్పాలి. తర్వాత చూడాలి. చూసిందీ ఊహించిందీ కలవకపోతే ఊహని వదిలెయ్యాలి గానీ చూసినదాన్ని వదలకూడదు. "పుస్తకంలో ఉందని కాదు, నేను చెప్పాననీ కాదు. నీ కళ్ళు ఏం చూశాయో అదే చెప్పు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఆ పోరుకి మొద్దులనుకున్న పిల్లలు కూడా దారిలో పడ్డారు. పడనిది ఒక్కతే. ఆవిణ్ణి పిన్నీ అని పిలిచే అసలు హక్కున్నదీ ఆ ఒక్కతే.

ఆ పిల్ల ఆవిడ అక్క కూతురు. ఇంట్లో గువ్వ అంటారు. ఎనిమిదేళ్ళుంటాయి. అక్కకి మనసు చెడి, మనుషుల్ని గుర్తుపట్టడం మానేసి, ఒకరోజు గ్యాస్ పొయ్యి తిప్పి వెలిగించకుండా కూర్చుంటే, ఇంక లాభం లేదని పెద్దాసుపత్రిలో చేర్చారు. తలుపులు ఎప్పుడూ మూసే ఉండే వార్డు అది. పిల్లల్ని రానివ్వరు. గువ్వ తండ్రి అంతకు ముందెప్పుడో దులుపుకుని పోయాడు, వాడి సంగతి ఇక్కడ అనవసరం. పిల్లని పిన్నీ అమ్మమ్మా తెచ్చుకున్నారు. వచ్చిన దగ్గర్నుంచీ గువ్వ నోరు విప్పితే ఒట్టు.

"అమ్మ బాగుంది. తలుపు వేసుకుని పడుకుంటోంది. తలుపు తీసే రోజు వస్తుంది, అప్పుడు చూద్దువుగాని" అని పిన్ని చెప్పింది. నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళొచ్చి మళ్ళీ అదే చెప్పేది. ఆ నెలకొకసారి ఆవిడ బస్సు దిగి ఇంటికి రాకుండా ముందు వీధి చివర పంపు దగ్గర మొహం కడుక్కునేది, పిల్లకి తెలియకుండా.

గువ్వ చదివే బడిలో పెద్ద టీచర్ చెడ్డమనిషేం కాదు. ఓపిక పట్టింది. కానీ గువ్వ సైన్సు పేపరు వరుసగా రెండుసార్లు తెల్లగా వచ్చింది. రాస్తే తప్పు రాస్తారు పిల్లలు. ఈ పిల్ల అసలు రాయదు. మూడోసారీ ఇలాగే అయితే, వెనకబడిన పిల్లలకని వేరే బడి ఉంది, అక్కడికి పంపక తప్పదని పెద్ద టీచర్ పిన్నిని పిలిచి చెప్పింది. అది రైల్లో ఓ పగలంతా పోవలసిన చోటు. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి, సెలవులకి తప్ప ఇంటికి పంపరు.

"అక్కడ బాగా చూసుకుంటారమ్మా. మీరు అనవసరంగా బెంగపడకండి" అంది.

"దానికి మేం తప్ప ఎవరూ లేరు మేడమ్. అక్కడ వదిలేస్తే ఇంక మాకు దక్కదు. ఈసారి రాస్తుంది. నాదీ పూచీ" అంది పిన్ని.

సరే, పాఠం మొదలైంది. పదార్థాల సంగతి గువ్వతో అంత కష్టం కాలేదు. చెబితే తలకెక్కదు గానీ ఆ పిల్లకి చేతికి ఇచ్చింది మటుకు ఎక్కుతుంది. గాజుముక్క లోంచి చూసింది, నూనె రాసిన కాయితం లోంచి చూసింది, అట్ట లోంచి చూడబోయి ఊరుకుంది. మొక్కల దగ్గరే చిక్కొచ్చింది. మొక్కకి వెలుతురు కావాలన్నది చేతికిచ్చే వస్తువు కాదు కదా. అందుకని పిన్ని రెండు డబ్బాల్లో మట్టి పోసి చిక్కుడు గింజలు వేసింది. రెండూ జానెడేసి ఎదిగాక ఒకదాన్ని కిటికీలో పెట్టింది. రెండోదాన్ని మేడమెట్ల కింద ఉన్న చీకటి అరలో పెట్టి తలుపు మూసింది.

"రెంటికీ నీళ్ళు పోస్తాం. ఇది వెలుతుర్లో, అది చీకట్లో. ఏమవుతుందో ఊహించు."

గువ్వ తలుపు వంక చూసింది.

"పోనీలే. నేను చెప్పినరోజు దాకా తలుపు తియ్యకూడదు. ఆ రోజు తీసి, ఏం కనబడితే అది చెప్పు."

తీసి తీసి చూస్తూ ఉంటే మార్పు తెలియదని పిన్ని లెక్క. ఎండిన ఆకులూ పాలిపోయిన కాడా ఒక్కసారిగా కళ్ళబడితే ఇంక జన్మలో మర్చిపోదు. తను కూడా తియ్యనంది, పిల్లతో సమానంగా ఉండాలని. అరలో మొక్కకి నీళ్ళు పోసే పని అమ్మమ్మకి అప్పగించింది. "ఓ గ్లాసుడు పోసి తలుపు వేసెయ్యమ్మా, అంతే" అంది. అమ్మమ్మ సరేనంది.

అప్పటినుంచీ గువ్వకి కొత్త అలవాటు పట్టుకుంది. బడినుంచి రాగానే సంచి పడేసి మెట్ల కింద ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చునేది. పెదాలు కదిలేవి. ఏమంటోందో దూరానికి వినబడేది కాదు. పిన్ని చూసి, చూడనట్టు పోయేది. పెదాలు కదులుతున్నాయి, అదే పదివేలనుకుంది.

నిజంగానే మెల్లమెల్లగా మాట వచ్చింది. ఒకరోజు చాప మీద స్పాంజి పిండుతూ, "దీంట్లో బోలెడు గదులున్నాయి. అందుకే నీళ్ళు దాక్కుంటాయి" అంది గువ్వ. చాప మీద పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. దర్జీ కొడుకైతే, "పిన్నీ, గువ్వ మాట్లాడింది" అని వీధిలోకి పరిగెత్తి దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పొచ్చాడు. పిన్ని వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పరీక్ష ఇంకా వారం ఉందనగా బడినుంచి కబురొచ్చింది. ఎవరో అధికారులు వస్తున్నారట, పరీక్ష రేపే. పిన్నికి కంగారు పుట్టింది గానీ, అంతలోనే సర్దుకుంది. పదార్థాలు వచ్చేశాయి. మొక్కల సంగతి అంటారా, ఇన్నాళ్ళు చీకట్లో మగ్గిన మొక్క ఈపాటికి ఎలా ఉంటుందో ఆవిడకి తెలియనిదా?

"రేపు పొద్దున బడికి వెళ్ళేముందు నువ్వే తలుపు తీసి చూడు గువ్వా. బాగా చూడు. చూసిందే రాయి. భయపడకు."

తెల్లారకుండానే ఆవిడ తన బడికి మొదటి బస్సులో వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ మెట్ల పక్కనుంచే వెళ్ళింది. చెయ్యి చాపితే అర తలుపు అందేది. తియ్యలేదు. చూసిందే నమ్మండని ఊరందరి పిల్లలకీ చెప్పే మనిషి, తను మాత్రం చూడకుండానే వెళ్ళిపోయింది.

పరీక్ష అయిన మర్నాడు సాయంత్రం పెద్ద టీచర్ కబురు పంపితే పిన్ని నవ్వు మొహంతోనే వెళ్ళింది. పెద్ద టీచర్ కళ్ళజోడు తీసి, పేపరు ఆవిడ వైపు జరిపింది.

"పదార్థాలు అన్నీ కరెక్టమ్మా. క్లాసులో ఇంత బాగా ఎవరూ రాయలేదు. మరి ఇదేంటో మీరే చెప్పండి."

ప్రశ్న అచ్చం వాళ్ళింట్లోంచి ఎత్తుకొచ్చినట్టే ఉంది. ఒకేలాంటి మొక్కలు రెండు, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి చీకటి గదిలో, కొన్నాళ్ళకి చీకట్లో మొక్క ఎలా ఉంటుంది, ఎందుకు. కింద గువ్వ గుండ్రటి అక్షరాలతో రాసింది. 'పచ్చగా ఉంటుంది. తలుపు మూసినా బాగానే ఉంటుంది. ఎందుకంటే తలుపు తీసేదాకా ఆగుతుంది.' తర్వాతి ప్రశ్న, మొక్క బతకడానికి ఏమేం కావాలి. 'నీళ్ళు, గాలి. వెలుతురు అక్కర్లేదు. నేను చూశాను.'

"మొక్కల్లో సున్నా. రెంటిలోనూ విడివిడిగా పాసవ్వాలి, అవలేదు" అంది పెద్ద టీచర్. గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. "మూడో తరగతి పిల్ల వెలుతురు అక్కర్లేదంటే నేను పైవాళ్ళకి ఏమని సర్దిచెప్పను?"

పిన్ని ఎంత బతిమాలిందో ఆవిడకే గుర్తులేదు. చివరికి పెద్ద టీచర్, "రేపు పొద్దున పిల్లని తీసుకురండి. ఈ రెండు ప్రశ్నలూ నోటితో అడుగుతాను. చెబితే సరే. చెప్పకపోతే మాత్రం ఇంక నా చేతుల్లో లేదమ్మా" అంది.

పిన్ని ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి అర తలుపు లాగింది. లోపల మొక్క నిగనిగలాడుతూ ఉంది. ఆకులు అరచేయంత ఉన్నాయి. ఓ పువ్వు కూడా వేసింది.

"అమ్మా" అంది, వెనక్కి తిరక్కుండానే. "ఏం చేశావు?"

అమ్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. అవి ఎప్పుడో ఆరిపోయాయి, అయినా తుడుచుకుంటూనే ఉంది.

"మీరు వెళ్ళాక రోజూ పెరటి గుమ్మం దగ్గర ఎండలో పెట్టేదాన్ని. మీరొచ్చే వేళకి మళ్ళీ లోపల పెట్టేసేదాన్ని."

"ఎందుకమ్మా? ఏం పుట్టింది నీకు? నీళ్ళు పోసి తలుపు వెయ్యమంటే అది కూడా..."

"అది ఆ తలుపు దగ్గర కూర్చుని ఏమంటుందో నువ్వెప్పుడైనా విన్నావటే?" అంది అమ్మమ్మ. "నేను విన్నాను. 'నువ్వు బాగుండు. నువ్వు బాగుంటే మా అమ్మ కూడా బాగున్నట్టే' అంటుంది. ఓపక్క అది అలా అంటుంటే, లోపల మొక్క ఎండిపోతుంటే, ఎలా ఊరుకోమంటావు? ఆ తలుపు తీసిననాడు దాని కళ్ళముందు ఏం పెట్టమంటావు? నా చేతుల్తో నేను పెట్టనా? నా కడుపున పుట్టినదాన్ని ఓ తలుపు వెనక పెట్టొచ్చింది చాల్లేదూ?"

పిన్ని మెట్ల మీద కూలబడింది. పిల్లకి నోరొచ్చింది తన పాఠం వల్ల కాదన్నమాట. ఆ మొక్క మీద పెట్టుకున్న ఆశ వల్ల. రేపు ఆ ఆశని అలాగే ఉంచితే పిల్లని రైలెక్కించాలి. పిల్లని ఉంచుకోవాలంటే ఆ ఆశని తన చేత్తో తనే తుంచాలి.

ముందు దొడ్డిదారి చూసింది పాపం. గువ్వని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "రేపు టీచర్ అడిగితే మొక్కకి వెలుతురు కావాలని చెప్పెయ్యి తల్లీ. అంతే, ఇంకేం అడగరు" అంది.

"నేను అలా చూళ్ళేదుగా పిన్నీ. పచ్చగా ఉంది."

"పుస్తకంలో అలా ఉందిలే."

"పుస్తకంలో ఉందని కాదన్నావుగా. చూసిందే చెప్పమన్నావుగా."

ఇంక దాటవేసే దారి లేకపోయింది. చెప్పొద్దని గుమ్మంలోంచి అమ్మమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. పిన్ని కళ్ళు మూసుకుని చెప్పేసింది. అమ్మమ్మ రోజూ ఎండలో పెట్టింది, అందుకే పచ్చగా ఉంది, పెట్టకపోయి ఉంటే పాలిపోయి, వాలిపోయి, చచ్చిపోయి ఉండేది అని.

గువ్వ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. అమ్మమ్మ వైపు చూసింది.

"రోజూనా?"

"రోజూనే తల్లీ" అంది అమ్మమ్మ.

"పెట్టకపోతే చచ్చిపోయేదా?"

పిన్నే "ఆఁ" అంది.

"సరే" అంది గువ్వ. ఒళ్ళోంచి దిగి, అరలోని డబ్బాని రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి కిటికీలో రెండోదాని పక్కన పెట్టింది. భోజనం కూడా మామూలుగానే చేసింది. గండం గడిచిందిలే అనుకుంది పిన్ని. పిల్లలకి పెద్దవాళ్ళ కంటే గట్టి గుండె ఉంటుందని అమ్మమ్మతో అంది కూడా.

పొద్దున్నే పెద్ద టీచర్ గదిలో గువ్వ బల్ల ముందు నిలబడింది. పిన్ని తలుపు పక్కన నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"చీకట్లో పెట్టిన మొక్క ఏమవుతుందమ్మా?"

"పాలిపోతుంది. వాలిపోతుంది. తర్వాత చచ్చిపోతుంది."

"ఎందుకని?"

"వెలుతురు లేకపోతే ఆకులు ఆహారం తయారుచేసుకోలేవు. తలుపు తీసేదాకా ఆగలేదు."

"మరి బతకడానికి ఏమేం కావాలి?"

"నీళ్ళు, గాలి, వెలుతురు. రోజూ."

పెద్ద టీచర్ మొహం విప్పారింది. పేపరు మీద ఏదో కొట్టేసి, ఏదో వేసి, "చాలా బాగా చెప్పావు. ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇక్కడే చదువుకుందువుగాని" అంది. పెద్ద టీచర్ సంతోషం పట్టలేక, "ఇంకేమైనా అడగాలని ఉందా? అడుగు, అడుగు" అంది.

గువ్వ పెద్ద టీచర్‌ని అడగలేదు. వెనక్కి తిరిగి పిన్ని మొహంలోకి చూసింది.

"అమ్మ గదికి కిటికీ ఉందా పిన్నీ?"

లేదు. ఆ గదికి కిటికీ లేదు. పైన జాలీ వేసిన బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలుగుతూ ఉంటుంది. దాని కింద అక్క గోడవైపు తిరిగి కూర్చుంటుంది. కిందటిసారి వెళ్ళినప్పుడు అక్క చేతులు చూసి పిన్ని భయపడింది, అంత తెల్లగా ఉన్నాయి. ఇదంతా ఆవిడ చూసింది. చూసిందే చెప్పాలి.

"ఉంది" అంది పిన్ని. "పెద్ద కిటికీ. బోలెడు ఎండ వస్తుంది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

గువ్వ బుద్ధిగా తల ఊపింది. ఒక్క క్షణం ముందు పెద్ద టీచర్‌కి పాఠం ఒప్పజెప్పినట్టే ఊపింది. ఆ పిల్ల నమ్మలేదని పిన్నికి తెలిసిపోయింది. నమ్మలేదనే కాదు, ఇంక ఎప్పటికీ నమ్మదని కూడా తెలిసిపోయింది.

గువ్వని ఎక్కడికీ పంపలేదు. ఇంట్లోనే ఉంది. రోజూ బడికి వెళ్తుంది, వస్తుంది, వచ్చి చాప మీద కూర్చుంటుంది. మాట పోలేదు, అడిగితే అన్నీ చెబుతుంది. మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. అమ్మ గురించి మటుకు మళ్ళీ ఎత్తలేదు. పిన్ని ఆసుపత్రికి వెళ్ళొచ్చి, "అమ్మ బాగుంది" అంటే, "సరే పిన్నీ" అని పుస్తకంలో పేజీ తిప్పుతుంది.

మొన్న ఒక సాయంత్రం పిన్ని చాప మీద అయస్కాంతం పెట్టింది. గుండుసూదులు, రాగితీగ, చెక్కముక్క, రబ్బరు చుట్టూ పరిచింది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి ఊహలు చెప్పేశారు. గువ్వ వంతు వచ్చింది. అయస్కాంతం చేతిలోకి తీసుకుంది, సూదుల మీద పెట్టింది, పైకెత్తింది. సూదులు గుత్తిగా వేలాడాయి.

"ఏం చూశావు గువ్వా?" అంది పిన్ని.

గువ్వ సూదుల వైపు చూడలేదు. పిన్ని వైపే చూసింది.

"ఏం చూశానని చెప్పమంటావు పిన్నీ?" అంది.

పిల్లలు నవ్వారు, ఏదో హాస్యమాడిందనుకుని. పిన్ని కూడా వాళ్ళతోపాటు నవ్వబోయింది గానీ చాతకాలేదు. అయస్కాంతం ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని పక్కవాడికి ఇచ్చింది.